రన్‌వే దగ్గర ఒక మాట

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్నొక అరగంట మాట్లాడమన్నారు. "పెన్షను, డి.ఏ., హెల్త్ కార్డు, ఈ మూడూ తప్ప ఏదైనా ఫరవాలేదండీ" అని ఒక షరతు కూడా పెట్టారు. ఆ మూడూ తీసేస్తే మన దగ్గర మిగిలేదేమిటా అని రెండు రోజులు ఆలోచించి, విమానాశ్రయాలలో రన్‌వే భద్రత గురించి మాట్లాడతానని చెప్పాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, సరేనని రాసుకున్నారు. జీవితమంతా కాగితాల మధ్య గడిపిన గుమాస్తాకి రన్‌వేతో ఏమిటి పని అని మీరూ అనుకుంటూ ఉండవచ్చు. చెబుతాను.

మా మనవరాలు విమానం నడపడంలో శిక్షణ పొందుతున్నది. మొన్నటి వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు రేడియో టెలిఫోనీ పరీక్షకు చదువుకుంటూ, "తాతయ్యా, మీరు కంట్రోల్ టవర్. ఇందులో ఉన్నది చదవండి. నేను పైలట్‌గా జవాబు చెబుతాను" అని పుస్తకం నా చేతిలో పెట్టింది. రెండు వారాలు మా వసారాలో పడక కుర్చీయే కంట్రోల్ టవర్. నేనొక ఆదేశం చదవడం, అది ఆ ఆదేశాన్ని మళ్ళీ నాకే అప్పగించడం. మొదట్లో ఇదేదో చిలక పలుకుల్లా ఉందే అనుకున్నాను. మూడో రోజుకి తెలిసింది, ఇది మనం ఫెయిర్ కాపీ సెక్షన్లో చేసిన పనే.

ఇక్కడున్న వారిలో టైపు మిషన్ల కాలం చూసినవారు చాలామంది ఉన్నారు. డ్రాఫ్టు టైపు అయి వచ్చాక 'కంపేర్' చేసేవాళ్ళం కదా. ఒకరు డ్రాఫ్టు పైకి చదవాలి, రెండోవారు టైపు కాపీ మీద వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. అంకెలు వచ్చినప్పుడు రెండోవారు కూడా పైకి చదవాలి. ఇద్దరూ సంతకం పెట్టాకే అధికారి బల్ల మీదికి వెళ్ళేది. పైలట్ల భాషలో దీన్ని రీడ్ బ్యాక్ అంటారు. కంట్రోలర్ "ఫలానా రన్‌వే ముందు ఆగండి" అంటే పైలట్ "సరే" అని ఊరుకోకూడదు. "ఫలానా రన్‌వే ముందు ఆగుతాం" అని రన్‌వే నంబరుతో సహా, తన విమానం పేరుతో సహా తిరిగి చెప్పాలి. చెప్పింది తప్పయితే కంట్రోలర్ అప్పటికప్పుడు దిద్దాలి. మన దగ్గర కంపేరింగ్ సరిగా చేయకపోతే మెమో వచ్చేది. అక్కడ చేయకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

ముందు రన్‌వే గురించి నాలుగు ముక్కలు. విమానం ఎగిరేదీ దిగేదీ రన్‌వే మీద. అక్కడిదాకా నడిచి వెళ్ళే దారులు టాక్సీవేలు. అనుమతి లేకుండా ఒక విమానంగాని, వాహనంగాని, మనిషిగాని రన్‌వే మీద ఉండకూడని చోట ఉంటే దాన్ని 'రన్‌వే ఇన్‌కర్షన్' అంటారు. ప్రమాదం జరగనక్కరలేదు. అక్కడ ఉండటమే తప్పు. రన్‌వేలకు నంబర్లు దిక్సూచిని బట్టి పెడతారు. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పు ముఖంగా వెళితే 90 డిగ్రీలు, చివరి సున్న తీసేస్తే 09. పడమర ముఖంగా 270, అంటే 27. రోడ్డు ఒకటే, పేర్లు రెండు. శంషాబాద్‌లో అలాంటివి రెండు పక్కపక్కన ఉన్నాయి కనుక 09 ఎడమ, 09 కుడి అని చెప్పుకోవాలి. ఈ కుడి ఎడమలు చిన్న విషయం అనుకోకండి. 2000 అక్టోబరు 31 రాత్రి తైపేలో తుఫాను వానలో ఒక సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం 05 ఎడమ మీదికి వెళ్ళవలసింది, పక్కనే మరమ్మతుల కోసం మూసేసిన 05 కుడి మీదికి వెళ్ళి పరుగందుకుంది. అక్కడ నిలిపి ఉంచిన యంత్రాలకు గుద్దుకుని 83 మంది పోయారు. దిక్సూచి చూసుకున్నా రెంటికీ దిక్కు ఒకటే కదా, అది ఏం చెబుతుంది పాపం.

టాక్సీవే రన్‌వేని కలిసే చోట నేల మీద నాలుగు పసుప్పచ్చ గీతలు అడ్డంగా ఉంటాయి. రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతల వైపు నుంచి వచ్చేవాడు ఆగాలి. తెగిన గీతల వైపు నుంచి, అంటే రన్‌వే దిగి వచ్చేవాడు దాటి పోవచ్చు. మన హైవే మీద ఓవర్‌టేక్ గీతల లెక్కే. పక్కన ఎర్ర బోర్డు మీద తెల్ల అక్షరాలతో రన్‌వే నంబరు రాసి ఉంటుంది. రాత్రి పూట టాక్సీవే అంచులకు నీలం దీపాలు, నడిమి గీతకు ఆకుపచ్చ దీపాలు. కొన్ని చోట్ల ఆ గీత దగ్గర నేలలోనే ఎర్ర దీపాల వరస ఉంటుంది. అది వెలుగుతున్నంతసేపూ, నోటితో ఎవరు పొమ్మన్నా సరే, దాటకూడదు. మనలో చాలామంది పిల్లల దగ్గరికని అమెరికాకో ఆస్ట్రేలియాకో ఏడాదికోసారి వెళ్ళి వస్తున్నాం. ఈసారి కిటికీ సీటు దొరికితే రెక్క కిందికి చూడండి, ఇవన్నీ కనిపిస్తాయి.

ఇక అసలు సంగతి. 1977 మార్చి 27, ఆదివారం. మన దేశంలో ఎన్నికల ఫలితాలు వచ్చి, మూడు రోజుల క్రితమే కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసింది. మా ఆఫీసులో ఎవరికీ ఆ కబుర్లు తప్ప మరొకటి పట్టలేదు. ఆ ఆదివారం నాడే, ఆఫ్రికా తీరం పక్కన అట్లాంటిక్ సముద్రంలో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ అనే ద్వీపంలో 583 మంది చనిపోయారు. విమాన ప్రమాదాలన్నిటిలోకీ పెద్దది ఈనాటికీ అదే. అది ఆకాశంలో జరగలేదు, రన్‌వే మీద జరిగింది.

పక్క ద్వీపమైన గ్రాన్ కనేరియా విమానాశ్రయంలో బాంబు పేలింది. అక్కడికి వెళ్ళవలసిన విమానాలన్నిటినీ టెనెరిఫ్‌లోని లాస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయానికి మళ్ళించారు. అక్కడ ఉన్నది ఒకే రన్‌వే. ఆగిన విమానాలతో టాక్సీవే నిండిపోయింది. బయలుదేరే విమానాలు రన్‌వే మీదుగానే చివరిదాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, ఎగరాలి. రెండు పెద్ద జంబో జెట్లు, ఒకటి డచ్చి వారి కె.ఎల్.ఎం., ఇంకొకటి అమెరికా వారి పాన్ ఆమ్. కె.ఎల్.ఎం. ముందు వెళ్ళి చివర తిరిగి నిలబడింది. పాన్ ఆమ్ అదే రన్‌వే మీద వెనకాల వస్తూ, మూడో మలుపు దగ్గర పక్కకు తప్పుకోవాలి. ఇంతలో కొండల మీది మబ్బు దిగి రన్‌వేని కప్పేసింది. ఒక విమానానికి మరొకటి కనపడదు, టవర్‌కి రెండూ కనపడవు. నేలమీది రాడార్ అక్కడ లేదు. ఇక ఉన్నది రేడియోలో మాట ఒక్కటే.

కె.ఎల్.ఎం. కెప్టెన్ సామాన్యుడు కాదు. ఆ కంపెనీలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్దలలో ఒకరు. కంపెనీ ప్రకటనలో ఆయన ఫొటోనే వేసుకున్నారు. ఆలస్యమైతే డ్యూటీ గంటల నిబంధన దాటిపోతుందని, రాత్రి అక్కడే ఉండిపోవలసి వస్తుందని తొందరలో ఉన్నారు. రన్‌వే చివర తిరగగానే ఇంజన్ల జోరు పెంచబోతే పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్ "ఆగండి, ఇంకా క్లియరెన్స్ రాలేదు" అన్నాడు. ఆయన ఆగి, "తెలుసు, అడుగు" అన్నారు. టవర్ వాళ్ళు గాలిలోకి లేచాక ఏ దారిన వెళ్ళాలో చెప్పారు. అది దారికి అనుమతి, ఎగరడానికి కాదు. మనవాళ్ళకి తెలిసేలా చెప్పాలంటే పరిపాలనా మంజూరు వచ్చింది, ట్రెజరీలో బిల్లు ఇంకా పాసు కాలేదు. కానీ ఆ ఆదేశంలో 'టేకాఫ్' అనే మాట దొర్లింది. ఫస్ట్ ఆఫీసర్ దాన్ని తిరిగి చదివి చివర్న "మేమిప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం" అన్నట్టుగా ఒక ముక్క చేర్చాడు. టేకాఫ్ అవుతున్నామనా? టేకాఫ్ చోట నిలబడ్డామనా? టవర్ రెండోదే అనుకుని "ఓకే" అని, క్షణం ఆగి "టేకాఫ్‌కి సిద్ధంగా ఉండండి, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో పాన్ ఆమ్ వాళ్ళు "మేమింకా రన్‌వే మీదే వస్తున్నాం" అన్నారు. రెండు మాటలూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఢీకొని కె.ఎల్.ఎం. కాక్‌పిట్‌లో ఒక కీచు శబ్దం మాత్రమే వినిపించింది. వాళ్ళకి స్పష్టంగా అందింది 'ఓకే' ఒక్కటే.

అప్పటికే విమానం పరుగెడుతోంది. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు ఆ తరువాతి సంభాషణలో ఏదో తేడా పట్టాడు. "ఆ పాన్ ఆమ్ ఇంకా తప్పుకోలేదేమో?" అని అడిగాడు. కెప్టెన్ గట్టిగా "తప్పుకుంది" అన్నారు. ఇంజనీరు మరి మాట్లాడలేదు. ఫస్ట్ ఆఫీసరూ మాట్లాడలేదు. కొద్ది సెకన్లలో మబ్బులోంచి ఎదురుగా పాన్ ఆమ్ కనపడింది. కె.ఎల్.ఎం.లోని 248 మందిలో ఒక్కరూ మిగలలేదు. పాన్ ఆమ్‌లో 396 మందికి 61 మంది బతికారు.

మా మనవరాలు నాకిది చెప్పిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 583 అంకె వల్ల కాదండీ. ఆ ఇంజనీరు ఒకసారి అడిగి ఊరుకున్నాడే, దాని వల్ల. నేనూ ఒకసారి అడిగి ఊరుకున్నవాడినే.

ఆఫీసు పేరు అనవసరం. నేను ఎల్.డి.సి.గా చేరిన తొలి సంవత్సరాలు. ఒక చనిపోయిన ఉద్యోగి భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ప్రతిపాదనలు వెళుతున్నాయి. కంపేర్ చేస్తున్నది నేను. సర్వీస్ రిజిస్టరులో ఆమె పేరుకీ టైపు కాగితంలో పేరుకీ ఒక అక్షరం తేడా. సూపరింటెండెంటు గారి దగ్గరికి తీసుకెళ్ళి "సార్, ఇక్కడ పేరు..." అన్నాను. ఆయన టపా టైమవుతోందన్న హడావిడిలో ఉన్నారు. "అంతా సరిగానే ఉందయ్యా, పంపించెయ్" అన్నారు. నా కళ్ళెదుట తేడా ఉంది. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసు, నాది మూడేళ్ళు. పైగా ఆ ఉదయమే ఇంకో కాగితంలో తప్పు చూపిస్తే దిద్దుకున్నారు. ఒకే రోజు రెండుసార్లు తప్పు పట్టడానికి నోరు రాలేదు. సంతకం పెట్టాను. కాగితాలు అభ్యంతరంతో తిరిగి వచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆమె వారానికోసారి ఇద్దరు పిల్లలతో వచ్చి వరండా బెంచీ మీద కూర్చునేది. ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. నేను వెనక గుమ్మంలోంచి క్యాంటీన్‌కి వెళ్ళేవాడిని. ఆ సూపరింటెండెంటు గారు చెడ్డవారేమీ కారు, నాకు పని నేర్పినవారు. ఇప్పుడు లేరు.

టెనెరిఫ్ తరువాత రెండు మార్పులు వచ్చాయి. ఒకటి మాటలకి సంబంధించింది. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప రేడియోలో 'టేకాఫ్' అనే మాట వాడకూడదు. మిగతా అన్ని వేళలా 'డిపార్చర్' అనాలి. రెండోది మనుషులకి సంబంధించింది. కాక్‌పిట్‌లో చిన్నవాడు అనుమానం వస్తే గట్టిగా చెప్పాలి, పెద్దవాడు వినాలి అని పైలట్లకు ప్రత్యేకంగా శిక్షణ మొదలుపెట్టారు. ఇది వినడానికి సులువుగానే ఉంటుంది. మన ఆఫీసుల్లో ఎవరైనా మనకి అలాంటి శిక్షణ ఇచ్చారేమో గుర్తు చేసుకోండి.

ఆ శిక్షణ ఎక్కడ అక్కరకు వస్తుందో చూపడానికి ఇంకొక రాత్రి గురించి చెప్పాలి. ఎవరూ చనిపోలేదు కనుక దీన్ని ఎక్కువమంది చెప్పుకోరు. 1999 డిసెంబరు 6, అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం, ప్రావిడెన్స్ విమానాశ్రయం. రాత్రి, దట్టమైన పొగమంచు. యునైటెడ్ వారి విమానం ఒకటి దిగి, గేటు వైపు వెళుతూ దారి తప్పింది. తిరిగి తిరిగి తాను దిగిన రన్‌వే మీదికే వచ్చి నిలబడింది. పైలట్లు తామెక్కడో రన్‌వే మీద ఉన్నామని టవర్‌కి చెప్పారు, అయితే ఏ రన్‌వే అన్నది తప్పుగా చెప్పారు. కంట్రోలర్ వాడుకలో లేని రన్‌వే అనుకుంది. సరుకుల విమానానికి ఎగరడానికి అనుమతి ఇచ్చింది. అది వీళ్ళ మీదుగా హోరుమంటూ పోయింది. వీళ్ళు "ఇప్పుడే ఎవరో ఇక్కడ ఎగిరారు" అని మొత్తుకున్నారు. అప్పటికీ కంట్రోలర్ నమ్మలేదు. వరసలో తరువాతి విమానానికి, అది యు.ఎస్. ఎయిర్‌వేస్ వారి మెట్రోజెట్, "మీరు ఎగరవచ్చు" అంది.

ఆ పైలట్లు రేడియోలో ఇదంతా వింటూనే ఉన్నారు. కదలమన్నారు. యునైటెడ్ సంగతి తేలేదాకా రన్‌వేల జోలికే రామన్నారు. కంట్రోలర్ ఆ విమానం అడ్డం లేదని చెప్పి మళ్ళీ పొమ్మంది. మళ్ళీ కాదన్నారు. వెనక ప్రయాణికులు ఆలస్యమైందని విసుక్కుంటూనే ఉండి ఉంటారు. అనుమతి చేతిలో ఉంది. ఆదేశం ఇచ్చింది పై అధికారం. అయినా యునైటెడ్ గేటుకి చేరిందని తెలిసేదాకా ఆ విమానం అడుగు వెయ్యలేదు. 22 ఏళ్ళ తేడాతో రెండు మంచు కమ్మిన రన్‌వేలు. ఒకచోట అనుమతి లేకుండా పరుగెత్తినవారు, ఇంకొకచోట అనుమతి ఇచ్చినా నిలబడినవారు. నా వరకు నేను, ఆ మెట్రోజెట్ పైలట్లకి పేరు తెలియకపోయినా ఇక్కడినుంచే నమస్కారం పెడతాను.

ఇలా అన్నానని తిరిగి చెప్పడం, ఎదురు చెప్పడం ఈ రెండూ ఉంటే చాలు అనుకోకండి. 2001 అక్టోబరు 8న ఇటలీలో మిలాన్ దగ్గర లినాటే విమానాశ్రయంలో చిన్న జెట్ పైలట్‌ని R5 దారిన వెళ్ళమన్నారు. R5 అనే తిరిగి చెప్పాడు. వెళ్ళింది మాత్రం R6 దారిన. అదీ మంచులోనే. మధ్యలో తాను S4 గుర్తు దగ్గర ఉన్నానన్నాడు. ఆ పేరుగల గుర్తు ఒకటి నేల మీద ఉందని టవర్లోవారికే తెలియదు. బోర్డులు సరిగా లేవు, గీతలు మాసిపోయాయి. నేల మీది పాత రాడార్ సుమారు రెండేళ్ళుగా పనిచేయడం లేదు, కొత్తది ఇంకా వాడుకలోకి రాలేదు. చిన్న జెట్ రన్‌వే మీదికి వచ్చింది, ఎగురుతున్న ఎస్.ఏ.ఎస్. విమానం దాన్ని కొట్టింది. 118 మంది పోయారు. పాతది మూలపడి, కొత్తది రాకుండా మధ్యలో గడిచే ఆ రెండేళ్ళు ఎలా ఉంటాయో ఏ ప్రభుత్వ ఉద్యోగికైనా వేరే చెప్పనక్కరలేదు. మాట ఎంత శుద్ధంగా ఉన్నా, బోర్డు మీది అక్షరం కనపడకపోతే లాభం లేదు.

లాస్ ఏంజెలిస్‌లో 1991 ఫిబ్రవరి 1 రాత్రి జరిగింది ఇంకొక రకం. కంట్రోలర్ ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీద నిలబడి ఉండమంది. ఇంకో విమానం తాలూకు చీటీ కనపడక ఆ గొడవలో పడి, నిలబెట్టిన దాన్ని మరచిపోయింది. వెనకనుంచి మరొక జెట్‌కి అదే రన్‌వే మీద దిగడానికి అనుమతి ఇచ్చింది. చిన్న విమానంలోని 12 మందీ పోయారు, జెట్‌లో మరో 20 మందికి పైగా. టవర్లో ప్రతి విమానానికీ ఒక చీటీ ఉంటుంది, మన ఫైలు మీది స్లిప్పు లాంటిది. బల్ల మీద లేని ఫైలు బుర్రలోనూ ఉండదు. అది మనందరికీ అనుభవమే.

ఇటీవలిది 2024 జనవరి 2, టోకియో హనెడా. అంతకు ముందు రోజే నోటో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. బాధితులకు సామగ్రి తీసుకెళ్ళడానికి తీర రక్షక దళం విమానం ఒకటి సిద్ధమైంది. టవర్ దాన్ని "నంబర్ వన్" అని పిలిచి, C5 అనే ఆగే చోటిదాకా వెళ్ళమంది. అంటే వరసలో మొదటిది అని. పైలట్లు తిరిగి చెప్పింది కూడా సరిగానే ఉంది. కానీ సహాయానికి వెళ్ళే విమానం కదా, తమకే ముందు అవకాశం ఇచ్చారనుకున్నారు. గీత దాటి రన్‌వే మీదికి వెళ్ళి సుమారు 40 సెకన్లు నిలబడ్డారు. టవర్ తెర మీద హెచ్చరిక కనపడుతూనే ఉంది, ఎవరూ చూడలేదు. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం వచ్చి మీద దిగింది. తీర రక్షక దళం వారు ఆరుగురిలో ఐదుగురు మరణించారు. కాలిపోతున్న ఆ పెద్ద విమానంలోంచి మాత్రం 379 మందీ ప్రాణాలతో దిగారు. లోపలి మైకులు పనిచేయకపోతే సిబ్బంది చేతి మెగాఫోనుతోనూ, నోటి కేకలతోనూ దింపారు. ఆ తరువాత జపాన్ వారు ఆ వరస నంబరు చెప్పడం కొంతకాలం ఆపేశారు. ఒక మర్యాద మాట, ఒక అంకె, అంతే.

అమెరికా వారిదీ ఒక పాత అలవాటు ఉండేది. ఫలానా రన్‌వేకి వెళ్ళండి అంటే దారిలో అడ్డం వచ్చే మిగతా రన్‌వేలన్నీ దాటడానికి అనుమతి ఉన్నట్టే లెక్క. 2010లో దాన్ని తీసేశారు. ఒక్కొక్క రన్‌వే దాటడానికి ఒక్కొక్క అనుమతి విడిగా ఇవ్వాలి. 'అనుమతి ఇచ్చినట్టే భావించాలి' అనే వాక్యం మన జీవోలలో ఎన్ని తగువులు తెచ్చిందో ఇక్కడున్న అకౌంట్సు వారికి తెలుసు.

మన దేశం సంగతి అడుగుతారేమో. 2014 నవంబరులో సూరత్‌లో ఎగరబోతున్న విమానానికి గేదె అడ్డం వచ్చింది. 2015 డిసెంబరులో జబల్పూరులో దిగుతున్న విమానానికి అడవి పందులు. జంతువుల లెక్క నిబంధనల ప్రకారం వేరట. గేదెకి ఆ సంగతి తెలియదు. 2020 ఫిబ్రవరిలో పూనాలో పరుగెడుతున్న విమానానికి ఎదురుగా ఒక జీపు, ఒక మనిషి. పైలట్ ముందుగానే పైకి లేపితే తోక నేలకి రాసుకుంది, అదృష్టం కొద్దీ ఢిల్లీ చేరింది. 2024 జూన్ 8న బొంబాయిలో ఒక విమానం రన్‌వే మీద ఇంకా నేల విడవకముందే వెనకనుంచి ఇంకొకటి అదే రన్‌వే మీద దిగింది. విచారణ జరిపించారు. మన ఆకాశంలో రద్దీ ఏటికేడాది పెరుగుతోంది. శిక్షణ పొందిన కంట్రోలర్లు, పైలట్లు దానికి తగినంతమంది ఉండాలి, వారికి నిద్రకు తగినన్ని గంటలు ఉండాలి. ఇది నా అభిప్రాయం, ఇందులో విమానాల పరిజ్ఞానం ఏమీ అక్కరలేదు. మార్చి నెలాఖరున రాత్రి పదింటిదాకా బిల్లులు చేసినవాడెవడైనా చెప్పగలడు.

యంత్రాలు వచ్చాయి. కొన్ని పెద్ద విమానాశ్రయాలలో రన్‌వే మీద ఎవరైనా ఉంటే రాడార్ కనిపెట్టి, మనిషి ప్రమేయం లేకుండా నేలలోనే ఎర్ర దీపాలు వెలిగిస్తుంది. మంచిదే. మా మనవరాలికి నేర్పేవి మాత్రం చేతితో, నోటితో చేసేవే. విమానం కదిలేముందు విమానాశ్రయం పటం ఒళ్ళో ఉండాలి. ఎక్కడ తప్పు జరగడానికి ఎక్కువ వీలుందో ఆ మలుపులు పటం మీద ముందే గుర్తు వేసి ఉంటాయి, వాటిని పైకి చదువుకోవాలి. రన్‌వే దాకా వెళ్ళేలోపు ఇంకో కబురు మాట్లాడకూడదు. అనుమతి ఉన్నా రన్‌వే దాటేముందు కుడికీ ఎడమకీ చూడాలి, మనం రైలు గేటు దగ్గర చూసినట్టు. రన్‌వే ఎక్కాక దిక్సూచినీ నంబరునూ సరిపోల్చుకోవాలి. దారి తెలియకపోతే ఆగి, తెలియదని చెప్పాలి. ఈ చివరిది ఇరవై ఏళ్ళ పిల్లకి ఎంత కష్టమో చూశాను. ఆగి చెప్పడానికి నామోషీ అనిపిస్తుందట.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. దాని శిక్షకుడు ఒక రోజు నేల మీద విమానం నడిపిస్తూ, టవర్ చెప్పిన మలుపు కాకుండా కావాలనే ఇంకో మలుపు తిప్పమన్నాడట. ఇది తిప్పేసింది. తరువాత ఆయన అడిగితే, "మీరు చెప్పారు కదా సార్, మీకు తెలిసే ఉంటుందనుకున్నాను" అందట. ఆ సాయంత్రం నాకు ఫోను చేసి ఏడ్చింది. నేను ఆ వరండా బెంచీ సంగతి చెప్పాను. మా ఆవిడకి కూడా అంతవరకూ చెప్పలేదు. పది రోజుల తరువాత ఆయన మళ్ళీ అదే పని చేశాడట. ఇది బ్రేకు మీద కాలు పెట్టి, "సార్, టవర్ చెప్పింది ఇది కాదు, మళ్ళీ అడుగుదాం" అందట. ఆయన ఏమీ అనకుండా రేడియో మైకు దాని చేతికి ఇచ్చాడట.

వచ్చే నెల దానికి పరీక్ష. ఈ ఆదివారం నుంచి ఫోనులోనే నేను మళ్ళీ కంట్రోల్ టవర్.